పసిపిల్లల థైరాయిడ్ లోపం తాత్కాలికమా, శాశ్వతమా?

పుట్టిన వారానికే థైరాయిడ్ లోపం బయటపడిన తమ పాపకు జీవితాంతం మాత్ర వేయవలసిందేనా అని అమలాపురం వైపు నుంచి ఒక తల్లి అడిగారు.

తొలి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, లోపం ఉంటే రక్తంలో పెరుగుతుంది) అంకె ఒక్కటే చూసి ఆ సంగతి తేల్చలేము. స్కానింగులో థైరాయిడ్ గ్రంథి అసలు లేదనో, మెడలో ఉండవలసింది నాలుక మొదట్లో ఉందనో తెలిస్తే లోపం శాశ్వతమే. అప్పుడు మాత్ర ఆపి చూడవలసిన పనే లేదు. గ్రంథి యథాస్థానంలో ఉన్నప్పుడే ఆశకు తావుంటుంది. నెలలు నిండక పుట్టడం, తల్లి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) గానీ ఆమె వాడిన, థైరాయిడ్ పనిని తగ్గించే మందులు గానీ బిడ్డకు చేరడం, అయోడిన్ తక్కువ కావడం, లేదా కాన్పు వేళ పూసిన అయోడిన్ ద్రావణం వల్ల అది ఎక్కువ కావడం వంటి కారణాలతో వచ్చిన లోపం క్రమంగా సర్దుకోవచ్చు.

నన్నడిగితే, ఇంట్లో ఉన్న పాత రిపోర్టులే ఎంతో చెబుతాయి. కాకినాడలోనో భీమవరంలోనో చేయించినవన్నీ తేదీల వారీగా పేర్చి చూడండి. బరువు పెరుగుతున్నా మోతాదు పెంచే అవసరం రాకపోతే తాత్కాలికం కావచ్చు. మాత్ర వేస్తుండగానే ఏడాది దాటాక టీఎస్‌హెచ్ పెరిగితే శాశ్వతమయ్యే అవకాశం ఎక్కువ.

మెదడు ఎదుగుదలకు థైరాయిడ్ హార్మోను అత్యవసరం కనుక, సాధారణంగా మూడేళ్లు నిండాకే, పిల్లల హార్మోన్ల వైద్యుల పర్యవేక్షణలో సుమారు 4 వారాలు మాత్ర ఆపి, టీఎస్‌హెచ్‌ను, ఫ్రీ టీ4ను (రక్తంలోని థైరాయిడ్ హార్మోను) పరీక్షిస్తారు. టీఎస్‌హెచ్ 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా మాత్ర మళ్లీ మొదలుపెడతారు. రెండూ సరిగ్గా ఉన్నా కొన్ని నెలల తరవాత మరోసారి రక్తపరీక్ష చేయించాలి.