సర్వేలో ‘బాగుంది’ అంటారు, నీళ్లకు మాత్రం రారు

అన్నా, మర్రిగూడ దగ్గర మీరు పెట్టిన వాటర్ ప్లాంట్ గురించి అడిగితే అందరూ బాగుందన్నారు, క్యాన్లు మాత్రం పోవట్లేదు అని రాశారు. అడిగింది ఎవరు? మీ స్టాఫే కదా. ప్లాంట్ పెట్టిన సార్లే ఇంటి ముందుకొచ్చి అడిగితే బాగాలేదని ఎవరంటారు?

అడ్డు చెప్పకపోవడం వేరు, నమ్మడం వేరు. గనుల కంపెనీలను చుట్టుపక్కల ఊళ్లు ఎంత ఒప్పుకుంటాయో చూసిన థామ్సన్, బౌటిలియర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మెట్లుగా చూపించారు: తిరస్కరణ, సహించడం, ఆమోదం, చివరికి ‘ఇది మాది’ అనుకోవడం. మీరు రెండో మెట్టు మీదే ఉన్నట్టున్నారు.

‘బాగుందా?’ అనే ప్రశ్న తీసేయండి. ‘మోటారు కాలిపోతే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు?’ అని అడగండి. మీ నంబర్ ఉన్నా సర్పంచ్ పేరే చెబితే, అదే మీకు ఊరు వేసిన మార్కు. దేవరకొండ వైపు ఒక తండాలో నేను ఫారం నింపుతుంటే ఒక అవ్వ క్యాన్ కిందపెట్టి, ‘మీరు పోయినంక ఫిల్టర్ ఎవరు మారుస్తరు బిడ్డా?’ అంది. నా ఇరవై ప్రశ్నల్లో అది లేనే లేదు!

ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ అనుమానం సహజం. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లు ఎన్ని హామీలు వినుంటారు? టెస్ట్ రిపోర్టు ప్లాంట్ గోడమీద అంటించండి.

ఈసారి బయటివాళ్లతో అడిగించండి, ఆడవాళ్లతో విడిగా. ఎస్సీ కాలనీ, తండా లెక్కలు ఊరి సగటులో కలపకండి. ఆరు నెలలకు అవే ప్రశ్నలు మళ్లీ. ప్లాంట్‌లో నీళ్లు పట్టుకునే కార్డుల రీఛార్జులు మాత్రం ప్రతి నెలా చూడండి.