బాగా పచ్చగా ఉన్న వరి చేనుకే ఎండాకు తెగులు ఎక్కువెందుకు?

యూరియా దండిగా పడి కళకళలాడుతున్న మీ బీపీటీ (సాంబ మసూరి) వరి చేనుకు బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చింది, కాస్త పాలిపోయినట్టున్న పక్క చేను మాత్రం నిలబడింది, బలమున్న మొక్కే కదా తట్టుకోవాలి అని అడిగారు. పచ్చదనం వేరు, తట్టుకునే శక్తి వేరండీ. కృష్ణా డెల్టాలో మా ఊరి చుట్టుపక్కల నేను చూస్తున్నదీ ఇదే. గాలివాన వెళ్లిపోయాక ముందు పసుపెక్కేవి ముదురాకుపచ్చగా, ఆకు మెత్తగా వాలిపోయి ఉండే మళ్లే.

ఈ బాక్టీరియా ఆకు అంచుల్లోని సన్నటి నీటి రంధ్రాల నుంచి, గాలికి రాసుకుని ఆకు చీరిన చోట్ల నుంచి లోపలికి దిగి, నీటిని మోసే నాళాల్లో కాపురం పెడుతుంది. ఆ నాళాల్లో చక్కెర అంతంతమాత్రమే. అందుకని మొక్క కణంలోకి ఒక ప్రోటీన్‌ను పంపి, చక్కెరను కణం బయటికి వదిలే 'స్వీట్' జన్యువులను ఆన్ చేయిస్తుంది. మొక్క కష్టపడి చేసుకున్న తిండి దానికి దక్కుతుంది. తెల్లవారుజామున తెగులు పట్టిన ఆకును దగ్గరగా చూడండి. మంచుబొట్లతో పాటు అంచు వెంట చిక్కటి, పసుపు రంగు చిన్న బొట్లు కనిపిస్తాయి. అదంతా బాక్టీరియానే. అనుమానముంటే ఆకును కోసి, కోసిన కొసను గ్లాసుడు తేటనీళ్లలో ఉంచండి. కాసేపటికి కోత నుంచి తెల్లటి ద్రవం సన్నగా దిగుతుంది.

మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. శత్రువును గుర్తుపట్టగానే హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది, కణగోడలను లిగ్నిన్‌తో, అంటే చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థంతో, గట్టిపరుస్తుంది. ఆ లిగ్నిన్‌కు ముడిసరుకు ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం, అది తయారయ్యేది చక్కెరల నుంచే. సకురానెటిన్ లాంటి, సూక్ష్మజీవులను అడ్డుకునే పదార్థాలూ అదే దారిలో పుడతాయి. అంటే రక్షణంతా ఖర్చుతో కూడిన పని. ఇంటి ఆదాయమంతా కొత్త గదులు కట్టడానికే పోతే తలుపులకు గడియలు పెట్టించడానికి డబ్బు మిగలదు కదా. యూరియాతో అందే అధిక నత్రజని చేసేది అదే. చక్కెరంతా ప్రోటీన్లకూ కొత్త ఆకులకూ మళ్లుతుంది, లిగ్నిన్, రక్షణకు పనికొచ్చే ఫినాలిక్ పదార్థాలు తగ్గుతాయి, ఆకు మెత్తబడుతుంది. పైగా గుబురుగా పెరిగిన చేనులో తడి ఆరదు. మబ్బు పట్టిన రోజుల్లో కిరణజన్య సంయోగక్రియ కూడా తగ్గి, ఖర్చుపెట్టడానికి ఉన్న చక్కెరే తక్కువవుతుంది.

పొటాష్ సంగతి మన రైతులు తేలిగ్గా తీసుకుంటారు, నాకు బాధనిపించేది అక్కడే. పొటాషియం చాలకపోతే ఆకులోని అమైనో ఆమ్లాలు ప్రోటీన్లుగా మారకుండా మిగిలిపోతాయి. అది బాక్టీరియాకు తేరగా దొరికే తిండి.

ప్రస్తుతానికి యూరియా ఆపేయండి. మడిలో నీళ్లు తీసి ఆరగట్టండి, ఆ నీళ్లు పక్క మడికి పోనివ్వకండి. ఆకు తడిగా ఉన్నప్పుడు చేనులో తిరగొద్దు. ఎండిన ఆకును ఏ మందూ తిరిగి పచ్చగా చేయలేదు, కొత్తాకును కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది. వచ్చే పంటకు నత్రజనిని మూడు దఫాలుగా వేయండి.

రకం మార్చే ఆలోచన ఉంటే, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఉంది. 2008లో విడుదలైంది. బీపీటీ 5204లోకే మూడు నిరోధక జన్యువులు చేర్చారు. ఎక్స్ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, శత్రువును గుర్తుపట్టే పని దానిది. రెండోది ఎక్స్ఏ5. నాకు ముచ్చటేసేది మూడోది, ఎక్స్ఏ13. అది నిజానికి 'స్వీట్' జన్యువుల్లో ఒకదాని మారిన రూపమే. బాక్టీరియా పంపే ప్రోటీన్ అతుక్కునే చోటు అందులో మారిపోయింది కాబట్టి చక్కెర కుళాయి తిరగదు.

పక్క చేనులో ఏ రకం వేశారో, పొటాష్ వేశారో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. తేడా ఎరువు వల్లా, విత్తనం వల్లా అన్నది అప్పుడు ఇంకాస్త తేటగా చెప్పొచ్చు.