‘గ్రనాడా’ని గిటార్ మీదకి తెచ్చేముందు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

స్పెయిన్ స్వరకర్త అల్బేనిజ్ పియానోకి రాసిన ‘గ్రనాడా’ని గిటార్‌కి నువ్వే రాసుకుంటానన్నావు. మంచిదే. ముందు పియానో ప్రతి దగ్గర పెట్టుకో. గిటార్ ప్రతులన్నీ కొన్నాళ్లు అటకెక్కించు. ఎవరో తీసేసిన స్వరాలు వాటిలో కనపడవు, ఎందుకు తీసేశారో అసలే తెలియదు. అల్బేనిజ్ 1909లో, మరో స్పెయిన్ స్వరకర్త గ్రనాడోస్ 1916లో పోయారు. మన దేశంలో కాపీరైటు స్వరకర్త పోయాక 60 ఏళ్లే కాబట్టి వాళ్ల పియానో స్వరలిపిని ఎవరైనా వాడుకోవచ్చు. గిటార్ విద్వాంసుడు సెగోవియా రాసిన గిటార్ ప్రతుల సంగతి వేరు, ఆయన పోయింది 1987లో. అవి చూసి నేర్చుకో, దించి నీ పేరు మాత్రం పెట్టుకోకు.

మొదట తేల్చుకోవాల్సింది కీ, అంటే పాట ఏ స్వరాన్ని ఆధారం చేసుకుంటుందో అది. సగం పని అక్కడే అయిపోతుంది, లేదా అక్కడే చెడుతుంది. ‘గ్రనాడా’ పియానోలో ఎఫ్ మేజర్. ఎఫ్, ఏ, సి స్వరాల్లో ఓపెన్ తీగ (ఎడమచేత్తో నొక్కకుండా మోగేది) మీద దొరికేది ఏ ఒక్కటే. అదే కీలో ఉంచితే మాటిమాటికీ మొదటి ఫ్రెట్ మీద బారె (ఒకే వేలితో తీగలన్నీ నొక్కడం) పట్టాలి, రెండో పేజీకి ఎడమచెయ్యి పట్టేస్తుంది. అరస్వరం దించి ఇ మేజర్‌లో పెట్టు. 6వ తీగ ఇ, 2వ తీగ బి, 1వ తీగ ఇ మూడూ ఓపెన్‌గా మోగుతాయి. ఎఫ్ మైనర్‌లో మొదలయ్యే మధ్యభాగం ఇ మైనర్ అవుతుంది, అక్కడ 3వ తీగ జి కూడా కలిసొస్తుంది. అల్బేనిజ్‌దే ‘కాదిజ్’ని డి ఫ్లాట్ మేజర్ నుంచి ఏ మేజర్‌కి మార్చేదీ ఇందుకే: ముఖ్యమైన మూడు బాసులు (అడుగు స్వరాలు) ఏ, డి, ఇ మూడూ ఓపెన్ తీగలే. ఏ పాట తీసుకున్నా మొదటి, నాలుగో, ఐదో కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) మూలస్వరాలు కాగితం మీద రాసి, ఎన్ని ఓపెన్ బాసులు దొరుకుతాయో లెక్కపెట్టు. ఒక్కటే దొరికితే ఇంకో కీ వెతుకు.

ఇక రాసేటప్పుడు అందరూ జారేచోటు. గిటార్ స్వరం రాసినదానికంటే ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద మోగుతుంది. పియానో మిడిల్ సి అంటే నీకు 2వ తీగ మొదటి ఫ్రెట్, గిటార్ లిపిలో గీతల మధ్య మూడో ఖాళీలో రాసేది. పియానో కుడిచేతి గీతల్ని యథాతథంగా దించితే పాటంతా ఒక ఆక్టేవ్ కిందకి పోయి బురదలా వినిపిస్తుంది. వాయిద్యం బాగాలేదనుకుంటారు కానీ తప్పు కాగితంలో ఉంటుంది.

ముందు అన్నీ రాయకు. మెలడీ, బాసు, ఈ రెండే రాసి 16 బార్లు (తాళపు ఆవర్తాలు) వాయించు. అవి నిలబడితేనే మధ్య స్వరాలు చేర్చు. పియానోలో ఆరేడు స్వరాల కార్డు వస్తుంది. నీకున్నవి ఆరు తీగలు, ఒకేసారి మీటే వేళ్లు నాలుగు. ముందుగా తీసేయాల్సింది ఆక్టేవ్ జంటలు (అదే స్వరం రెండు స్థాయిల్లో), తర్వాత కార్డులోని ఐదో స్వరం. మూడో స్వరం, ఏడో స్వరం జోలికి పోకు. అవి పోతే మేజరో మైనరో, కార్డు ఎటు వెళ్లబోతోందో చెవికి అందదు. 6వ తీగ ఇ కంటే కిందకి పోయే బాసుని పైకి ఎత్తక తప్పదు. అయితే ఆ ఒక్క స్వరాన్ని ఎత్తితే గీత మధ్యలో విరుగుతుంది, ఫ్రేజు (పాటలో ఒక వాక్యం) మొదటి నుంచీ ఎత్తు. ఎత్తిన బాసు లోపలి స్వరాన్ని దాటిందేమో కూడా చూసుకో. దాటితే కార్డు తలకిందులై ముగింపు ముగింపులా ఉండదు.

‘గ్రనాడా’లో పాట పైన లేదు. పియానోలో ఎడమచెయ్యి కింద పాడుతుంటే కుడిచెయ్యి పైన కార్డుల్ని జల్లుతుంది. గిటారిస్టులకి పై స్వరాన్ని మెలడీ అనుకోవడం అలవాటు. అందుకే చాలామంది చేతుల్లో కార్డులు గణగణలాడి పాట మునిగిపోతుంది. మెలడీని లోపలి తీగల మీద బొటనవేలికి అప్పగించి రెస్ట్ స్ట్రోక్‌తో (మీటిన వేలు పక్క తీగ మీద ఆగే పద్ధతి) వాయించు. పై కార్డుల్ని చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో వీలైనంత మెత్తగా మీటు. రోజూ ముందు కార్డులు విడిగా సాధన చెయ్యి. పక్కగదిలోకి వినపడకపోతే సరిగ్గా ఉన్నట్టు.

పియానో పెడల్ చేసే పని నీకు ఓపెన్ తీగలు చేస్తాయి. తేడా ఏమిటంటే, పెడల్ కాలు తీస్తే ఆగుతుంది, తీగ ఆగదు. 6వ తీగ ఇ మోగుతుండగానే బి సెవెన్ కార్డుకి వెళ్తే రెండూ కొట్టుకుంటాయి. బొటనవేలి పక్కభాగంతో ఆ తీగని ఆపాలి. నువ్వు ముట్టుకోని 5వ తీగ కూడా, పైన 1వ తీగ ఇ మీటితే తనంతట తాను మోగుతుంది. ఆ ఇ దాని మూడో హార్మోనిక్, అంటే 5వ తీగ కంపనానికి మూడు రెట్లు. ఎక్కడ ఆపాలో స్వరలిపి మీదే చిన్న గుర్తు పెట్టుకో.

‘అస్తూరియాస్’ కూడా కావాలంటావని తెలుసు. ఆ పేరు అల్బేనిజ్ పెట్టింది కాదు. ఆయన ‘ప్రెలూడ్’ అని ప్రచురిస్తే, పోయాక ప్రచురణకర్తలు ‘స్పానిష్ సూట్’లో చేర్చి ఈ పేరు తగిలించారు. సంగీతమంతా స్పెయిన్ దక్షిణాన ఉన్న అందలూసియాది, అస్తూరియాస్ ఏమో ఉత్తరాన ఉంది! పియానోలో జి మైనర్, గిటార్‌లో ఇ మైనర్. మళ్లీ మళ్లీ వచ్చే స్వరం అప్పుడు 2వ తీగ ఓపెన్ బి అవుతుంది, వీణ మీద తాళపు తీగలా ఎడమచేతి ప్రమేయం లేకుండా మోగుతూనే ఉంటుంది. దూరపు కార్డుకి ఎగిరి తిరిగి రావడానికి చేతికి వ్యవధి దొరికేది అక్కడే. గిటార్ ప్రతుల్లో కనిపించే ట్రిప్లెట్లు (రెండు స్వరాల చోట మూడు) పియానో ప్రతిలో లేవు. శబ్దం పెంచడానికి చేర్చినవి, బీటుకి నాలుగు బదులు ఆరు స్వరాలు. నా ఓటు నాలుగుకే. ఆరు పెడితే వేగం తగ్గించాల్సి వస్తుంది, పాటలో కంగారు పోతుంది.

అల్బేనిజ్ ‘సెవియా’కి 6వ తీగని డికి, 5వ తీగని జికి దించుతారు. కీ జి మేజర్‌గానే ఉంటుంది. ఆ రెండు తీగల మీద ప్రతి స్వరం రెండు ఫ్రెట్లు పైకి జరుగుతుంది, సి కావాలంటే 5వ తీగ 5వ ఫ్రెట్. దించిన తీగ కాసేపటికి శ్రుతి పైకి పాకుతుంది. అందుకని దించాక తీగని వేళ్లతో కాస్త లాగి, మళ్లీ సరిచేసి అప్పుడు మొదలుపెట్టు. వదులైన తీగ ఫ్రెట్లకి తగిలి బర్రుమంటే కుడిచేతి బలం తగ్గించు.

గ్రనాడోస్ 5వ ‘స్పానిష్ డాన్స్’ ఇ మైనర్‌లోనే ఉంది, కీ మార్చే పని లేదు. కానీ రెండు గిటార్లకి రాస్తేనే న్యాయం జరుగుతుంది. అల్బేనిజ్ ‘ఇబేరియా’ని ఒక్క గిటార్‌తో ముట్టుకోకు.

వేళ్ల నంబర్లు అన్నిటికంటే చివర, పెన్సిల్‌తో. మొదటే వేస్తే చేతికి సులువైన స్వరాలే మిగులుతాయి, పాటకి కావలసినవి కాదు. మొత్తం అయ్యాక అటక మీది సెగోవియా ప్రతి, మరో గిటార్ విద్వాంసుడు టారెగా ప్రతి దించి నీదానితో బారు బారుకీ పోల్చు. తేడా వచ్చినచోట పియానో ప్రతి తెరిచి చూడు. ముందు ‘గ్రనాడా’ మధ్యభాగం దాకా రాసి పంపు, నంబర్లు వేయకుండా.

మీ మామయ్య