కథకెంత, వెండికెంత? జానపద గాథల నాణేలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మధ్యయుగపు గాథలున్న వెండి నాణేలు కూడబెట్టాలని సరదా. ఏ దేశం చూసినా వరసకు అంతు కనబడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ఆరింటితో పూర్తయ్యే వరస ఒకటుంది, అది పట్టుకోండి. ఆస్ట్రియా టంకశాల 2009 నుంచి 2011 దాకా ఏడాదికి రెండు చొప్పున పది యూరోల నాణేలు వేసింది. 2009లో వియన్నా బాసిలిస్క్ (చూపుతోనే చంపుతుందని చెప్పుకునే గాథల జంతువు), డ్యూర్న్‌స్టైన్ కోటలో బందీగా ఉన్న ఇంగ్లండు రాజు రిచర్డ్. 2010లో ఎర్జ్‌బెర్గ్ ఇనుప కొండ, ఉంటర్స్‌బెర్గ్ కొండ కడుపులో నిద్రపోతున్నాడని చెప్పుకునే చక్రవర్తి షార్లెమేన్. 2011లో క్లాగెన్‌ఫుర్ట్ డ్రాగన్, ప్లేగు శవాల గుంటలో పడి బతికి లేచొచ్చిన పాటగాడు అగస్టిన్. ఈ చివరి కథ 1679 నాటిది, మధ్యయుగానిది కాదు. అయినా అది లేకపోతే సెట్టు బోసిగా ఉంటుంది. ఒక్కొక్కటి 32 మిల్లీమీటర్లు, 17.3 గ్రాములు. అందులో అచ్చమైన వెండి 16 గ్రాములు.

మొదట కొనాల్సింది రిచర్డ్ నాణెం. 1192లో పట్టుబడిన ఆ రాజును విడిపించుకోవడానికి ఇంగ్లండు వెండి కుమ్మరించింది. ఆస్ట్రియాకు దక్కిన వాటాతో 1194లో పుట్టానని టంకశాల తన వయసు లెక్క చెప్పుకుంటుంది. కథను అచ్చు వేసిన టంకశాల ఆ కథలోంచే పుట్టిందన్నమాట! డ్రాగన్‌దీ తక్కువ ముచ్చట కాదు. 1335లో తవ్వకంలో దొరికిన పుర్రెను జనం డ్రాగన్‌దే అన్నారు, తీరా చూస్తే అది మంచుయుగపు బొచ్చు ఖడ్గమృగానిది. 2011 బొమ్మలు రాగిలో కూడా వచ్చాయి కాబట్టి కొనేముందు లోహం ఏమిటో అడగండి.

ప్రశ్న: రాబిన్ హుడ్ నాణెం మీద రెండు పౌండ్లని ఉంది. దానికి వేలు పోయడం ఏమిటి? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఆ రెండు పౌండ్లు చట్టప్రకారం నాణెంగా చెల్లడానికి వేసిన అంకె, ధరకూ దానికీ సంబంధం లేదు. బ్రిటన్ టంకశాల రాయల్ మింట్ రాబిన్ హుడ్‌ను 2021లో, అదే కథలోని మెయిడ్ మారియన్, లిటిల్ జాన్‌లను 2022లో, ఆర్థర్ రాజునూ మెర్లిన్‌నూ 2023లో తెచ్చింది. ఒక ఔన్సు నాణెంలో 999 వెండి (వెయ్యి పాళ్లలో 999 వెండే) 31.1 గ్రాములుంటుంది. ఆ రోజు కిలో రేటును వెయ్యితో భాగించి 31.1తో హెచ్చవేయండి. కిలో లక్ష అనుకుంటే 3,110 రూపాయలు. ఆపైన అడిగేదంతా బొమ్మకు, పెట్టెకు, అమ్మేవాడి లాభానికి. ప్రూఫ్ రకానికి (కూడబెట్టేవాళ్ల కోసం అద్దంలా మెరిసేట్టు ప్రత్యేకంగా కొట్టినది) ఈ అదనం చాలా ఎక్కువ, తిరిగి అమ్మేటప్పుడు ముందు కరిగేదీ అదే. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా కలుపుకోండి. ఆ రేటు మారుతూ ఉంటుంది, ఆర్డరు పెట్టే రోజునే చూసుకోవాలి.

ప్రశ్న: నకిలీని ఇంట్లోనే పట్టుకోవచ్చా? అయస్కాంతం అంటుకోలేదు, మరి అసలుదేనా? (పాఠకుడు, నెల్లూరు)

జవాబు: అయస్కాంతం అంటుకుంటే నకిలీ అని తేలుతుంది. అంటుకోకపోతే ఏమీ తేలదు, రాగికీ సీసానికీ అంటుకోదు కదా. నీటి తూకం వేయండి. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కావాలి. గ్లాసులో నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపి, కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని కుట్టుదారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదీయండి. అప్పుడు కనిపించే అంకెతో నాణెం బరువును భాగించాలి. రాయల్ మింట్ ఔన్సు నాణెం మొత్తం బరువు 31.21 గ్రాములు, నీళ్లలో 2.98 దగ్గర రావాలి. భాగిస్తే 10.5, వెండి సాంద్రత అదే. ఆస్ట్రియా 17.3 గ్రాముల నాణేనికి 1.67 దగ్గర వస్తుంది. రాగి మీద వెండి పూతైతే అదే 1.93 చూపిస్తుంది.

తప్పు వచ్చేది రెండుచోట్ల. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే అంకె పెరిగి అసలుది నకిలీలా కనబడుతుంది, సబ్బు చుక్క అందుకే. అడుగు తగిలితే అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి. ప్రూఫ్ నాణేన్ని మాత్రం నీళ్లలో ముంచొద్దు, దాని పారదర్శక డబ్బీ అయిన క్యాప్సూల్‌లోనే ఉంచి వ్యాసం, అక్షరాల అంచులు భూతద్దంతో చూడండి.

ప్రశ్న: నల్లబడ్డ నాణేన్ని విభూతితో తోమవచ్చా? (పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: కుందులకు, పళ్లేలకు తోమండి, నాణేనికి వద్దు. విభూతి, టూత్‌పేస్టు సన్నగా గీస్తాయి. దీపం కింద వాల్చి చూస్తే బొమ్మ చుట్టూ అద్దంలా మెరిసే ఖాళీ భాగమంతా వెంట్రుక గీతలు కనిపిస్తాయి. అవి ఇక పోవు, ధర పడిపోతుంది. నలుపు గాలిలోని గంధకం వల్ల ఏర్పడే పొర, దానంతటది నాణేనికి చేటు చేయదు. పచ్చగా జిగురుగా ఉంటే అది మెత్తటి పీవీసీ కవరు పని. గాజు గిన్నెలో అచ్చమైన అసిటోన్ పోసి అయిదు నిమిషాలు ఉంచండి. రుద్దకుండా తీసి, కొత్త అసిటోన్‌లో మరోసారి ముంచి ఆరనివ్వండి. పొయ్యి దగ్గర వద్దు, ఇట్టే అంటుకుంటుంది. గోళ్ల రంగు తీసే ద్రవం పనికిరాదు, అందులో నూనెలు కలుపుతారు. పాలచుక్కల్లాంటి తెల్ల మచ్చలకైతే ఇంట్లో చేయగల మందు లేదు. మీది సముద్రపు గాలి, కాబట్టి గట్టి యాక్రిలిక్ క్యాప్సూల్, మూత బిగిసే డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

ప్రశ్న: రాబిన్ హుడ్ కాలపు అసలు పెన్నీ, రిచర్డ్ పేరుతో ఇంగ్లండులో వేసింది, ఒకరు అమ్ముతామంటున్నారు. కొననా? (పాఠకుడు, డాలస్)

జవాబు: వద్దు. 1180 నుంచి 1247 దాకా ఇంగ్లండు పెన్నీల మీద రాజు ఎవరైనా ‘హెన్రికస్ రెక్స్’ (హెన్రీ రాజు) అనే కొట్టారు. రిచర్డ్, జాన్ ఏలినప్పుడూ అంతే. రిచర్డ్ పేరు కనిపించేది ఫ్రాన్సులో ఆయన ఏలుబడిలోని పొయటూలాంటి చోట్ల వేసిన నాణేల మీద. దాదాపు 1.4 గ్రాముల బరువుతో, చిన్న శిలువ గుర్తుతో, హెన్రీ పేరుతో ఉన్న పెన్నీ చూపించమనండి. అప్పుడు బేరం మొదలుపెట్టవచ్చు.