ఏజెన్సీ దారిలో ఒంటరిగా బైక్ మీద వెళ్లొచ్చా? నేను వెళ్లొచ్చిన అనుభవం

విశాఖ నుంచి భద్రాచలానికి ఏజెన్సీ మీదుగా ఒక్కడినే బైక్ మీద వెళ్లొచ్చా, రెండు రోజులు చాలా అని అడిగారు. వెళ్లొచ్చు, కానీ మూడు రోజులు పెట్టుకోండి. నేను డిసెంబర్‌లో అరకు, పాడేరు, చింతపల్లి, సీలేరు, చింతూరు మీదుగా వెళ్లాను, ఆ దారిలో కిలోమీటర్లు లెక్కేసుకుంటే మోసపోతాం, పగటి వెలుతురు ఎన్ని గంటలుందో చూసుకోవాలి.

అరకు దాకా మీకు ఏ టెన్షన్ ఉండదు, దారి పొడవునా జనం ఉంటారు. పాడేరు దాటాక లంబసింగి దగ్గర పొద్దున ఎనిమిదింటికి కూడా పొగమంచులో పది అడుగుల ముందు ఏముందో కనపడలేదు, హెల్మెట్ అద్దం తుడుచుకుంటూ సెకండ్ గేర్‌లోనే నడిపాను. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేయడం, క్లచ్ పట్టుకుని జారిపోవడం మాత్రం వద్దు. బ్రేకులు వేడెక్కిపోతే ఇక పట్టవు.

చింతపల్లిలో కాసేపు ఆగాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు ఇక్కడి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ కొండల్లో రోడ్లు వేయడానికి గిరిజనులతో వెట్టిచాకిరీ చేయించడం ఆ తిరుగుబాటుకు ఒక కారణం. బైక్ మీద వస్తేనే నాకు నడుము పట్టేసిన కొండలివి, వాళ్లు కాలినడకన తిరిగారు. ఆ మాట తలచుకున్నాక బండి తీయబుద్ధి కాలేదు, అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

చింతపల్లిలోనే ట్యాంకు నింపేయండి. ఆ తర్వాత అడవి చిక్కబడుతుంది, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ధారకొండ దాటాక మధ్యాహ్నం మూడింటికి నా వెనక టైరు పంక్చరైంది. నాది స్పోక్ చక్రాల బండి, ట్యూబ్ టైరు. కొత్త ట్యూబ్ ఉంది, పంపు ఉంది, టైరు విప్పే లివర్లు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. అరగంట ఎదురుచూశాక సంత నుంచి వస్తున్న జీపు ఒకటి ఆగింది. డ్రైవరు తన లివర్లు తీసి, నాతో పాటు రోడ్డు మీద కూర్చుని ట్యూబ్ మార్చాడు. జీపు నిండా జనం, పసిపిల్లలు కూడా ఉన్నారు, దాదాపు నలభై నిమిషాలు పట్టినా ఒక్కరూ విసుక్కోలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. "చీకటి పడేలోగా సీలేరు చేరిపో బాబూ" అని, నా బండి స్టార్టయ్యేదాకా ఉండి వెళ్లాడు. ఆయన పేరైనా అడగలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి మీ బండికి ట్యూబ్ టైర్లయితే ట్యూబ్, లివర్లు, పంపు మూడూ పెట్టుకోండి, ఒకసారి ఇంటి దగ్గరే విప్పి బిగించి చూసుకోండి. చేతిలో నగదు ఉంచుకోండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వానాకాలం వద్దు, కొండ చరియలు విరిగి పడతాయి. సంతల్లో, ఊళ్లలో అడగకుండా ఎవరినీ ఫోటో తీయకండి.

రెండో రాత్రి సీలేరులో ఆగి, మూడో రోజు పొద్దున్నే డొంకరాయి జలాశయం మీదుగా దిగండి. చింతూరు నుంచి భద్రాచలానికి దారి సులువే, నేను మధ్యాహ్నానికల్లా గోదావరి ఒడ్డున ఉన్నాను.