బ్రోకరు లేకుండా సొంత ఇల్లు అమ్ముకోవచ్చా? మా కోవూరు ఇల్లు నేనే అమ్మాను

ఒంగోలు నుంచి ఒకరు అడిగారు: "సొంత ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. బ్రోకరు రెండు శాతం అడుగుతున్నాడు. ఆయన్ని పెట్టుకోకుండా మనమే అమ్ముకుంటే మోసపోతామా?"

మోసపోరు. మీ ఇంటి సంగతి మీకు తెలిసినంత ఏ బ్రోకరుకీ తెలియదు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వారు పోయాక నెల్లూరు దగ్గర కోవూరులో ఒక్కదాన్నే ఉండలేక, మీ ఒంగోల్లోనే ఉన్న కూతురి దగ్గరికి వచ్చేద్దామని ఇల్లు అమ్మాను. 25 అంకణాల, అంటే 200 గజాల స్థలంలో డాబా ఇల్లు, నా పేరు మీదే ఉండేది. బ్రోకరు లేకుండానే అమ్మాను.

బ్రోకర్లు రాలేదని కాదు. గేటుకి "ఇల్లు అమ్మబడును, బ్రోకర్లు రావద్దు" అని బోర్డు కడితే ముందు ఫోన్లు చేసింది వాళ్లే. "మా దగ్గర పార్టీ రెడీగా ఉంది మేడం" అంటారు. ఎవరా పార్టీ అంటే చెప్పరు. ఒకాయనైతే "ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఫోనివ్వండి, రేటు మాట్లాడతాను" అన్నాడు. ఏళ్ల తరబడి పిల్లలకి లాభనష్టాల లెక్కలు చెప్పిన దాన్ని. నా ఇంటి రేటు మాట్లాడటానికి మధ్యలో మగవాళ్లు కావాలా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. భర్త పోయిన ఆడవాళ్లు చాలామంది ఈ మాటకే జంకి, ఇల్లు బ్రోకరు చేతిలో పెట్టేస్తారు.

ఇంకొకాయన బోర్డు చదివి కూడా లోపలికే వచ్చేశాడు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చింది గుర్తుందిగా. సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. మా వీధిలోకీ నీళ్లొచ్చాయి. తీశాక వంటింటి గోడ మీద, మోకాలెత్తున ఒక మట్టిరంగు గీత మిగిలింది. ఎన్నిసార్లు రంగు వేయించినా మళ్లీ పైకి తేలేది. ఆయన దాన్ని చూసి, "ముందు దీనికి పుట్టీ పెట్టించండి మేడం. వరద మాట ఎవురి దగ్గరా ఎత్తబాకండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

పుట్టీ పెట్టించలేదు. ఒకళ్ల జీవితకాలం సంపాదన తీసుకుంటూ అబద్ధం ఆడటం నా వల్ల కాదు. చట్టమూ ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాళ్లకి తెలిసుంటే, అది చెప్పి తీరాలి. దస్తావేజు మీద సంతకం మనది. రేపు లాయరు నోటీసు వస్తే మన పేరుకే వస్తుంది. కమీషన్ తీసుకున్నాయన అప్పుడు ఫోను కూడా ఎత్తడు.

కొన్నవాళ్లని మా వీధి చివర ఇస్త్రీ బండి అతను పంపించాడు. ఏ ఇంట్లో ఎవరు ఇల్లు వెతుక్కుంటున్నారో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇల్లు అమ్ముడయ్యాక అతనికీ, అతని భార్యకీ బట్టలు పెట్టాను. ఇల్లు కొన్న అబ్బాయికి కృష్ణపట్నం వైపు ఉద్యోగం, వెంట వాళ్లమ్మ. అబ్బాయి హాల్లో కొలతలు చూసుకుంటుంటే ఆమె నేరుగా వంటింట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లి, ఆమె అడక్కముందే గీత చూపించాను. "పెద్దమ్మా, 2021లో నీళ్లు ఇంతవరకు వచ్చినాయి" అన్నాను.

ఆమె వంగి, గీత మీద బొటనవేలితో రుద్ది వేలు చూసుకుంది. "మాది సంగం టీచరమ్మా. పెన్న సంగతి నాకు చెప్పబల్లేదు. వచ్చిన నీళ్లు ఎన్ని దినాలుండినాయి, అది చెప్పు" అంది.

"మూడో రోజుకి తీసినాయి."

"సెప్టిక్ ట్యాంకు పొంగిందా?"

పొంగిందనే చెప్పాను. తర్వాత ట్యాంకు మూత ఎత్తు పెంచి కట్టించిన చోటు చూపించాను. కరెంటు సంగతి అడిగింది. స్విచ్ బోర్డులన్నీ నా భుజం ఎత్తుకి మార్పించి ఉన్నాను. కింద పాత బోర్డులు పీకేసి సిమెంటు పూసిన చదరాలు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి, ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూసింది. బోరు మోటారు ఆన్ చేయించి దోసిలి పట్టి నీళ్లు తాగి, "తియ్యగా ఉండాయిరా" అని కొడుక్కి చెప్పింది. అప్పుడొచ్చి హాల్లో కూర్చుని, "నువ్వేం దాచలా. ఇంక రేటు చెప్పు" అంది.

ఆ తర్వాత నేను చెప్పిన మంచి మాటలన్నీ నమ్మారు. శ్లాబు కారదంటే నిచ్చెన వేసుకుని చూడలేదు. పక్కింటివాళ్లతో గోడ తగాదా లేదంటే వెళ్లి విచారించలేదు. బ్రోకరు చేతిలో పెట్టుంటే ఆమెను ఆ గోడ దాకా పోనిచ్చేవాడే కాదు. రేపు వానాకాలంలో గీత మళ్లీ తేలితే ఆమె తిట్టుకునేది నన్ను.

నేను 62 లక్షలు చెప్పాను, 60కి తెగింది. రెండు శాతమంటే లక్షా ఇరవై వేలు, నా దగ్గర మిగిలాయి. వాళ్ల వైపు కూడా కమీషన్ పోలేదు. అసలే కొనేవాళ్లకి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం ఖర్చు ఉండనే ఉంది.

రేటు కట్టడం రాదు కాబట్టి బ్రోకరు కావాలంటారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ప్రభుత్వ విలువ చూసుకోండి. మీ వీధిలో ఈ మధ్య కొన్నవాళ్లని అడగండి. బ్యాంకులకి పనిచేసే వాల్యుయరుకి ఫీజు ఇచ్చి ఇల్లు చూపించండి. ఈ మూడూ పక్కపక్కన పెడితే లెక్క మీకే తెలుస్తుంది. స్థలం మాత్రం గజాల్లో చెప్పండి. మా నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. అక్కణ్ణుంచి వచ్చిన భార్యాభర్తలు మా అంకణం రేటు విని లేచిపోబోయారు. కాగితం మీద గుణించి చూపిస్తే కూర్చున్నారు.

వాస్తు గురించి కూడా చెప్పాలి. చూడ్డానికి వచ్చేవాళ్లలో కొందరు ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకొస్తారు. ఆయన గేటు దగ్గర నిలబడి ఈశాన్యం కోత అంటాడు, వీధిపోటు అంటాడు. వెంటనే వచ్చినాయన రెండు లక్షలు తగ్గించమంటాడు. పిల్లలు చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్న ఇల్లు అది. దాన్ని నోటికొచ్చినట్టు తిడితే వినలేక, అలాంటివాళ్లకి మంచినీళ్లిచ్చి పంపించేదాన్ని.

డబ్బు మొత్తం బ్యాంకులోనే తీసుకోండి. "రిజిస్ట్రేషన్ గవర్నమెంటు విలువకి, మిగతాది క్యాషు" అని చెప్పే బ్రోకర్లు చట్టం చెప్పరు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే, ఎంత తీసుకున్నామో అంతా జరిమానా పడొచ్చు. అసలు ధర దస్తావేజులో ఉంటే మనకే మేలు, పన్నుకి భయపడి దాచక్కర్లేదు. వచ్చిన లాభంతో 2 ఏళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, 3 ఏళ్లలో కట్టుకున్నా, ఆ మేరకు లాభం మీద పన్ను తప్పుతుంది. ఒంగోల్లో ఫ్లాటు నేను ఆ డబ్బుతోనే కొన్నాను. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని మన పాన్ నంబరు మీద కడతారు. నా డబ్బులోంచి 60 వేలు అట్లా పట్టుకున్నారు, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వచ్చింది. డబ్బు తక్కువొచ్చిందని వాళ్లతో పోట్లాడకండి.

కాగితాల పనికి బ్రోకరు అక్కర్లేదు, మంచి దస్తావేజు లేఖరి, ఒక లాయరు చాలు. ఈసీ (ఇంటి మీద తాకట్లు, అమ్మకాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు ముందే తీసి పెట్టుకోండి. అడిగిన ప్రతివాళ్లకీ జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ మీ కళ్లముందే చూపించి వెనక్కి తీసుకోండి. ఇల్లు నా స్వార్జితమైనా వాళ్ల లాయరు మా అబ్బాయినీ అమ్మాయినీ సాక్షి సంతకాలు పెట్టమన్నాడు. రేపు పేచీ ఉండదని పెట్టించాను. అగ్రిమెంటులో అడ్వాన్సు ఎంతో, గడువు ఎప్పటికో, గడువు దాటితే అడ్వాన్సు ఏమవుతుందో రాయించండి. వాళ్లది బ్యాంకు లోను. రిజిస్ట్రేషన్ రోజు బ్యాంకు మనిషి చెక్కు పట్టుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకే వచ్చాడు. చెక్కు మీద నా పేరు పాస్‌బుక్కులో ఉన్నట్టే ఉందా, అంకె సరిగ్గా ఉందా అని చూసుకుని, ఆ తర్వాతే వేలిముద్ర వేశాను. తాళాలు మాత్రం డబ్బు ఖాతాలో పడ్డాకే ఇస్తానని అగ్రిమెంటులోనే రాయించాను. మీరూ అట్లాగే రాయించుకోండి.