పాత కెమెరాకు పైపై మరమ్మతులు

ప్రశ్న: మా నాన్నగారు వాడిన నల్లరంగు ఆసాహి పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమెరా ఏళ్ల తరబడి తోలు సంచిలోనే, ఇనుప బీరువాలో ఉండిపోయింది. ఈ మధ్య తీసి చూస్తే ముందువైపు రెక్సిన్ ఒక మూల లేచింది. అంచుల్లో రంగు పోయి పసుపుపచ్చని లోహం కనబడుతోంది. పట్టీ తగిలించే కొక్కేల దగ్గర ఆకుపచ్చని పొడి పట్టింది. పైన ప్రిజం (వ్యూఫైండర్‌కు బొమ్మను చేర్చే గాజు దిమ్మ) ఉండే గూడు మీద చిన్న సొట్ట కూడా ఉంది. షట్టర్ బాగానే పడుతోంది. మొత్తం రంగు వేయించి కొత్తదానిలా చేయించమని తెలిసినవారు అంటున్నారు. చేయించవచ్చునా?
— ఒక పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: రంగు వేయించకండి. మీరు రాసిన నాలుగింటిలో చిలుము, లేచిన రెక్సిన్ నానాటికీ పెరిగేవి. అరిగిన రంగు, సొట్ట ఉన్నచోటే ఉండేవి. పెరిగేవాటిని బాగుచేసి, తక్కినవాటిని వదిలేయడమే మంచిది.

అంచుల్లో కనబడుతున్నది ఇత్తడి. 1964లో వచ్చిన స్పాట్‌మాటిక్‌కు పైకప్పు ఇత్తడితోనే చేశారు. వేళ్లు ఆనేచోట నల్లరంగు అరిగి ఆ ఇత్తడి బయటపడడం వాడకం గుర్తే గాని జబ్బు కాదు. పాత కెమెరాలు సేకరించేవారిలో చాలామంది దానినే ముచ్చటపడి కొంటారు. విడిభాగాలు విప్పకుండా పైపైన రంగు చల్లితే చెక్కిన అంకెలు పూడిపోతాయి, మీటల సందుల్లోకి రంగు దిగి అవి బిగుసుకుంటాయి. ఇక సొట్ట సంగతి. దాని కిందనే గాజు ప్రిజం ఉంటుంది కాబట్టి పైకప్పు విప్పి లోపలి నుంచి ఒత్తాలి తప్ప వేరే దారి లేదు. వ్యూఫైండర్‌లో బొమ్మ స్పష్టంగా కనబడుతున్నంతవరకు దాని జోలికి పోనక్కరలేదు.

చిలుముకు కారణం చాలావరకు ఆ తోలు సంచే. మన సముద్రపు గాలిలోని తేమను తోలు పీల్చుకుని, పట్టుకుని కూర్చుంటుంది. ముందుగా పొడిని పళ్లపుల్ల మొనతో మెల్లగా గీకి, ఊదకుండా తడిగుడ్డతో ఎత్తేయండి. అది విషపదార్థం కనుక తర్వాత చేతులు కడుక్కోవాలి. మిగిలిన మరకను వెనిగర్‌లో ముంచి బాగా పిండిన దూదిపుల్లతో రుద్ది, వెంటనే నీటితో తడిపిన మరో పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. ఏ ద్రవాన్నైనా పుల్లకే అద్దాలి, కెమెరా మీద పోయకూడదు. ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ దగ్గరకు రానివ్వకండి. మిగిలిన రంగును కూడా అదే ఊడ్చేస్తుంది.

రెక్సిన్ పని కొంచెం ఓపికతో చేయవలసినది. లేచిన మూలను ఇంకా లాగకుండా, కింద గట్టిపడిన పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో నానబెట్టి, పుల్లతోనే గీకి తీయాలి. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో వాడేది ఈ ఆల్కహాలే. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ మాత్రం ప్లాస్టిక్కునూ రంగునూ కరిగించేస్తుంది. తర్వాత చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురును రెండువైపులా పలుచగా పూసి, వేలికి అంటనంతగా ఆరాక మూలను దించి, చెమ్చా వెనుకవైపుతో లోపలి నుంచి అంచు వైపుకు ఒత్తండి. పాత రెక్సిన్ కుంచించుకుపోయి అంచున వెంట్రుకవాసి సందు మిగిలితే దానిని సాగదీయకండి, మళ్లీ లేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ జిగురు సరిగా ఆరదు, ఎండ కాసే రోజు చూసుకోండి.

క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ జాతి జిగుర్లు వద్దే వద్దు. వాటి ఆవిరి గాజు మీద తెల్లని పొరలా పేరుకుంటుంది. పైగా చాలా కెమెరాల్లో స్క్రూలు ఈ రెక్సిన్ కిందే ఉంటాయి కాబట్టి, రేపు షట్టర్ విప్పవలసివస్తే మెకానిక్ దానిని చింపక తప్పదు.

పని అయ్యాక కెమెరాను మళ్లీ ఆ సంచిలో పెట్టకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అప్పుడప్పుడు తీసి షట్టర్ నొక్కుతుండండి. సంచి మీద మమకారం ఉంటే దానిని విడిగా దాచుకోండి. కొబ్బరినూనె మాత్రం రాయకండి, బూజు పడుతుంది.

ప్రశ్న: నా దగ్గరున్న పాత జైస్ ఐకాన్ కెమెరా తొడుగు కింద ఆవగింజలంత బొడిపెలు లేచాయి. సూదితో పొడిచి అణచవచ్చునా?
— ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: పొడవకండి, లోపల గాలి లేదు. తొడుగు కింద ఉన్న రివెట్ల తలలకు చిలుము పట్టి, అది ఉబ్బి పైకి తోస్తోంది. ఆ సంస్థ కెమెరాల్లో ఇది ఎంత మామూలంటే వీటికి జైస్ బంప్స్ అనే పేరే స్థిరపడింది. ఒకటి రెండే అయితే అలాగే ఉంచండి. ఎక్కువైతే తొడుగును ఆ భాగం వరకు ఊడదీసి, చిలుము గీకి, రివెట్ల మీద పలుచగా వార్నిష్ పూసి, అది ఆరాక తిరిగి అంటించాలి. ఎండిన తొడుగు తీసేటప్పుడు పెళుసుగా విరగవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వెచ్చబెడితే మెత్తబడి లేస్తుంది, అయితే ఆ వేడిని లెన్సు వైపు తిప్పకండి.